ట్యాంకర్ స్పిల్ కిట్ రివ్యూ: డబ్బా మీది లీటర్లు చూసి కొనకండి

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు బంకు ఓనర్లకు, ట్యాంకర్ ఓనర్లకు సేఫ్టీ సామాను అమ్మేవాళ్ల దగ్గర ఆయిల్ స్పిల్ కిట్, అంటే కారిన చమురును ఆపి, పీల్చి, ఎత్తే సామాను, రెండు రకాల్లో దొరుకుతుంది. ఒకటి చక్రాల పసుపు డబ్బా, మూత మీద 120 లీటర్లు అని రాసి ఉంటుంది. రెండోది క్యాబిన్‌లో సీటు వెనక పట్టే జిప్పు సంచి, 30 నుంచి 50 లీటర్లది. ఇవి కాక పాత 200 లీటర్ల డ్రమ్ములో ఇసుక, ఊక, గోనె సంచులు నింపి పెట్టుకునే సొంత కిట్ కూడా ఉంది. మూడింటినీ ఇక్కడి రోడ్లు, మోరీలు, చెరువులు దృష్టిలో పెట్టుకుని చూద్దాం. కంపెనీల పేర్లు అక్కర్లేదు. లోపలి సరుకు దాదాపు ఒకటే, తేడా నాణ్యతలోనూ, ఏం పెట్టారు ఏం మానేశారన్న దాంట్లోనూ ఉంది.

ముందుగా ఆ 120 లీటర్లంటే ఏంటో తెలియాలి. అది డబ్బా సైజు కాదు, లోపలి సామానంతా కలిసి పీల్చగలిగే చమురు. మామూలుగా లెక్క ఇలా ఉంటుంది: 40 × 50 సెంటీమీటర్ల తెల్ల ప్యాడ్లు 100, ఒక్కోటి ముప్పావు నుంచి లీటరు దాకా పీలుస్తుంది. సాక్స్, అంటే పీల్చే సరుకు కుక్కిన గుడ్డ గొట్టాలు, 1.2 మీటర్ల పొడవు, 7.5 సెంటీమీటర్ల మందం ఉన్నవి ఎనిమిది, ఒక్కోటి నాలుగు లీటర్లు. చిన్న దిండ్లు రెండు. వీటితో పాటు నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు, మందపాటి చెత్త సంచులు, ఒక పుట్టీ డబ్బా, మోరీ మూత మ్యాట్. కాగితం మీద లెక్క తప్పేం కాదు. రోడ్డు మీద మాత్రం ఆ లెక్కకు అర్థం మారిపోతుంది.

ట్యాంకర్ అడుగున చిటికెన వేలు పట్టేంత, అంటే 10 మిల్లీమీటర్ల రంధ్రం పడిందనుకోండి. లోపల ఒకటిన్నర మీటరు ఎత్తు సరుకు ఉంటే నిమిషానికి దాదాపు 15 లీటర్లు కారుతుంది. ఒక్క ప్యాడు కూడా వృథా కాకుండా వాడినా 120 లీటర్ల కిట్ ఎనిమిది నిమిషాల్లో నిండిపోతుంది. ట్యాంకర్ లోపల గదులుగా విడదీసి ఉంటుంది, రంధ్రం పడ్డ ఆ ఒక్క గదిలో ఉన్నది నాలుగైదు వేల లీటర్లు. అంటే ట్యాంకర్‌ని పీల్చేసే కిట్ బజార్లో లేదు, ఉండదు కూడా. అదే రంధ్రాన్ని 3 మిల్లీమీటర్లకు తగ్గించగలిగితే కారేది నిమిషానికి లీటరున్నర లోపే. కిట్‌లో విలువైన వస్తువు పుట్టీ, ఆ తర్వాత మోరీ మ్యాట్. తెల్ల ప్యాడ్లు మూడో స్థానం. అమ్మేవాళ్లు మాత్రం ప్యాడ్ల కట్టనే ముందు చూపిస్తారు, చూడ్డానికి నిండుగా కనిపిస్తుంది కాబట్టి.

పుట్టీ సంగతే చూద్దాం. బెంటొనైట్ మట్టితో చేసిన ముద్ద, తడి మీద కూడా అతుక్కుంటుంది, ఒత్తిడి తక్కువగా ఉండే ట్యాంకు అడుగు పగుళ్లకు బాగా పనికొస్తుంది. పిడికెడు తీసి రంధ్రం కంటే వెడల్పుగా, మధ్యలో మందంగా ఒత్తి పట్టుకోవాలి. సన్నని పొరలా పూస్తే జారిపోతుంది. ఇక్కడి ఎండకు ఇది తొందరగా ఎండిపోవడమే పెద్ద లోపం. క్యాబిన్‌లో రెండు ఎండాకాలాలు గడిచిన పుట్టీ మూత తీస్తే రాయిలా ఉంటుంది. కొనేటప్పుడు డబ్బా లోపల అల్యూమినియం రేకు సీలు ఉందా, తయారీ నెల వేశారా చూడండి. సీలు లేనిది వద్దు. చాలా కిట్లలో పెట్టని ఇంకో వస్తువు కొయ్య మేకులు, అంటే ముందు సన్నగా వెనక లావుగా ఉండే మొద్దులు. వడ్రంగి దగ్గర నాలుగు సైజుల్లో, 10 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా, చెక్కించుకుని సంచిలో వేయండి. గుడ్డ చుట్టి దూర్చి, కొయ్య సుత్తితోనే కొట్టాలి. ఇనుప సుత్తి పనికిరాదు, పెట్రోలు ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. వెల్డింగ్ దగ్గర వెంట్రుకంత పగులు పడి డీజిల్ చెమటలా కారుతుంటే బట్టల సబ్బు గట్టిగా రుద్దితే తాత్కాలికంగా ఆగుతుంది. పాత డ్రైవర్లకు తెలిసిన ఈ ఉపాయం తప్పేం కాదు.

కిట్ తెరిచే ముందు కారుతున్నది ఎక్కడినుంచో చూసుకోవాలి. నిలబడి ఉన్న బండిలో ఎక్కువగా కారేది డెలివరీ కప్లింగ్, అంటే హోస్ పైపు తగిలించే మూతి, దాని వాషర్ దగ్గర. అడుగు వాల్వు, అంటే ట్యాంకు లోపలే మూసుకునేది, సరిగా పనిచేస్తుంటే ఎమర్జెన్సీ లీవర్ ఒక్కసారి లాగితే ఆగిపోతుంది. బోల్తా పడ్డ బండిలో మ్యాన్‌హోల్ మూత రబ్బరు, డిప్ పైపు మూత, వెంట్ వాల్వుల దగ్గర కారుతుంది. అడుగు పైపు విరిగినా లోపలి వాల్వు మూసుకుని ఉంటే సరుకు లోపలే ఉంటుంది. అందుకే ప్రయాణంలో ఆ వాల్వు మూసి ఉండాలి, అన్‌లోడింగ్ కష్టంగా ఉందని కర్రముక్క అడ్డం పెట్టి తెరిచి నడిపే బండికి ఎంత మంచి కిట్ కొన్నా డబ్బు దండగ.

మోరీ మ్యాట్ విషయంలో కాస్త జాగ్రత్త. 60 లేదా 90 సెంటీమీటర్ల చదరపు పాలీయురేథేన్ పలక, జిగురుగా సాగుతుంది, నున్నటి కాంక్రీటు మీద పరిస్తే చుక్క కూడా దిగదు. కేటలాగు ఫోటోలన్నీ అలాంటి నేల మీదివే. మన దగ్గర మోరీ మీద ఉండేవి షాబాద్ బండలు, బండకూ బండకూ మధ్య రెండు వేళ్ల సందు, అంచు విరిగి, పైన గులకరాళ్లు. మ్యాట్ అక్కడ కూర్చోదు. చీపురుతో ఊడ్చి, తడి రేగడి మట్టి అంచుల చుట్టూ పెట్టి, పైన మట్టి సంచులు వేస్తేనే పట్టు దొరుకుతుంది. హైవే పక్క కాలువలకైతే నోరు పక్కకు ఉంటుంది, పైకి కాదు. అక్కడ మ్యాట్ నిలబెట్టి వెనక సంచులు ఆనించాలి. ఇంత పని ఉన్నా మ్యాట్ కొనదగ్గదే. బంకు ముందు సిమెంటు నేలలో జాలీ మోరీ ఉంటే ఇంతకంటే మంచి వస్తువు లేదు. సైజు మాత్రం మీ జాలీ కంటే నాలుగు వైపులా కనీసం 10 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి, టేపు పట్టుకుని కొలిచాకే ఆర్డర్ ఇవ్వండి.

మోరీకి అంత ప్రాముఖ్యం ఎందుకంటే, మన మోరీలు చివరికి కుంటలోకో చెరువులోకో పోతాయి. నీళ్ల మీద ఇంద్రధనుస్సు రంగుల్లో మెరిసే తెర మందం ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, అటూ ఇటూ ఉంటుంది. ఆ లెక్కన ఎకరం నీటి మీద ఆ తెర పరచడానికి నాలుగు లీటర్లు చాలు. బంకు దగ్గర ఒక్క క్యాన్ డీజిల్ మోరీలో పడితే అయిదెకరాల కుంట రంగు మారుతుంది, మత్తడి పోస్తుంటే కింది చెరువుకూ చేరుతుంది. విజయవాడ రోడ్డు సూర్యాపేటకు ముందు మూసీని దాటుతుంది. కర్నూలు రోడ్డు బీచుపల్లి దగ్గర కృష్ణను దాటుతుంది. మిర్యాలగూడ మీదుగా వెళ్లే అద్దంకి రోడ్డు వాడపల్లి దగ్గర కృష్ణ దాటుతుంది. ఈ మూడు వంతెనల మీద కారే చమురుకు మట్టితో అడ్డుకట్ట వేయడానికి నేలే ఉండదు, నేరుగా నీళ్లే. అలాంటి చోట ఆపకుండా, ప్రమాదం లేకపోతే బండిని వంతెన దాటించి ఆపడమే సరైన పని.

తెల్ల ప్యాడ్లు పాలీప్రొపిలీన్‌వి. చమురు పీలుస్తాయి, నీళ్లు పీల్చవు, నీటిలో తేలతాయి. బూడిద రంగు ప్యాడ్లు అన్నీ పీలుస్తాయి, నీళ్లు కూడా, అందుకే వానాకాలం అవి దండగ. పసుపువి రసాయనాలకు. ట్యాంకర్‌కు తెల్లవి మాత్రమే కొనండి, కొన్ని చోట్ల ధర తగ్గించడానికి సగం బూడిదవి కలిపి కట్టిస్తారు. నాణ్యత చూడటం సులభమే. ప్యాడ్‌ను తూకం వేయండి. పళ్లెంలో డీజిల్ పోసి రెండు నిమిషాలు ముంచండి. ఒక మూల పట్టుకుని అర నిమిషం వేలాడదీసి మళ్లీ తూకం వేయండి. చుక్కలు చుక్కలుగా కారడం ఆగాక మిగిలిన బరువే నిజమైన పీల్పు. తర్వాత వేరే ప్యాడ్ నీళ్ల గిన్నెలో వేసి తొక్కండి, బరువు పెరిగితే అది పేరుకే ఆయిల్ ప్యాడ్. షాపువాడు ఒప్పుకోకపోతే ఒక్క ప్యాడ్ విడిగా కొని ఇంట్లో చూసుకోవచ్చు. ధర పోల్చేటప్పుడు కూడా డబ్బాకు ఎంతని కాకుండా, ఈ తూకంలో తేలిన లీటరుకు ఎంత పడిందో చూడండి. అంతకు ముందు పుట్టీ, మ్యాట్, సంచుల ధర విడిగా తీసేయండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

పెట్రోలు దగ్గర ఈ ప్యాడ్లకు ఒక ప్రమాదం ఉంది, చాలా పుస్తకాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పాలీప్రొపిలీన్ రాపిడికి కరెంటు పుడుతుంది. ఎండకు ఎండిన గాలిలో ప్యాకెట్ చించి ఒక్కో ప్యాడ్ లాగుతుంటే చిటపటమంటుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ పల్లానికి చేరుతుంది. అందుకని ప్యాకెట్ గాలి వీచే వైపు, కారిన చోటికి దూరంగా తెరిచి, ప్యాడ్లు విడదీసి తెచ్చి పరచాలి, విసరకూడదు. ప్లాస్టిక్ బకెట్లో పెట్రోలు పట్టకూడదు. ఇనుప తొట్టి పెట్టి దానికీ ట్యాంకర్ ఎర్తింగ్ బోల్టుకూ వైరు కలపాలి. మడిచే ప్లాస్టిక్ తొట్టి ఇచ్చే కిట్లు డీజిల్ కోసం బాగానే ఉంటాయి, పెట్రోలు బండిలో వద్దు. ఇనుప పార ఇచ్చే కిట్ అయితే తిరిగి ఇచ్చేయండి, ఇత్తడిదో ప్లాస్టిక్‌దో ఉండాలి.

డీజిల్ అంటుకోదన్న నమ్మకం కూడా మన దగ్గర ఎండాకాలం చెల్లదు. మన దేశ ప్రమాణాల ప్రకారం డీజిల్ ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే వేడి, కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు. మే నెలలో నల్లగొండలో గాలి 44, 45 డిగ్రీలకు చేరినప్పుడు తారురోడ్డు అంతకంటే బాగా వేడిగా ఉంటుంది. ఆ రోడ్డు మీద పరుచుకున్న డీజిల్‌ను పెట్రోలుతో సమానంగానే చూడాలి. బీడీ, ఫోన్, బండి స్టార్ట్ చేయడం, అన్నీ దూరం. బ్యాటరీ కట్ ఆఫ్ స్విచ్ ముందుగా తిప్పడం క్లీనర్‌కు నేర్పండి. డబ్బాలు, సీసాలు పట్టుకుని వచ్చే జనాన్ని ఆపడం కిట్ కంటే ముందు పని. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ దగ్గర బోల్తా పడ్డ ట్యాంకర్ నుంచి పెట్రోలు పట్టుకునేందుకు చేరినవాళ్లలో 200 మందికి పైగా కాలిపోయారు. కిట్‌లో ఎరుపు తెలుపు ప్లాస్టిక్ రిబ్బను 100 మీటర్లది ఉందా చూడండి. లేకపోతే చుట్టూ తాడు కట్టి మనిషిని నిలబెట్టాలి.

బంకుకు ఈ డబ్బా సరిపోతుందా అంటే, సరిపోతుంది, దీని అసలు చోటు అదే. బంకులో జరిగేది ఎక్కువగా చిన్న పారబోత. మూడంగుళాల హోస్ నాలుగు మీటర్లు ఉంటే లోపల నిండుగా 18 లీటర్లు ఉంటాయి. అన్‌లోడ్ అయ్యాక హోస్ ఎత్తి ఖాళీ చేయకుండా కప్లింగ్ ఊడదీస్తే ఆ 18 లీటర్లూ నేల మీదికే. ఇరవై అయిదు ప్యాడ్లతో తుడిచేయొచ్చు. భూమిలోని ట్యాంకు నిండిపోయి పైకి పొంగినా అంతే. ఆ పనికి 120 లీటర్ల డబ్బా చక్కగా సరిపోతుంది, చక్రాలున్నాయి కాబట్టి ఒక్కడే ఈడ్చుకెళ్లొచ్చు. చక్రాలు చిన్నవైతే మాత్రం కంకర మీద దొర్లవు, కనీసం ఎనిమిది అంగుళాల రబ్బరు చక్రాలు అడగండి.

లారీ క్యాబిన్ సంచి అంత నచ్చలేదు, కానీ కొనాల్సిందే. నచ్చనిది ప్యాడ్ల సంఖ్య తక్కువని కాదు. జిప్పు నాసిరకం, తాళం లేదు. క్లీనర్ అద్దం తుడవడానికి ఒకటి, చేతులు తుడవడానికి ఒకటి, స్టెప్నీ మార్చినప్పుడు కింద వేసుకోవడానికి రెండు తీస్తే ఆరు నెలల్లో సంచి ఖాళీ. టూల్ బాక్సులో పెడితే ఇంకో సమస్య, అక్కడ కారే డీజిల్‌ను తెల్ల ప్యాడ్లు మెల్లగా పీల్చేసుకుని అవసరానికి ముందే బరువెక్కి ఉంటాయి. ప్లాస్టిక్ సీలు తీగ వేసి, నంబరు రాసుకుని, నెలకోసారి సీలు చూడండి. ఎండ తగిలే చోట పాలీప్రొపిలీన్ పెళుసెక్కుతుంది, పట్టుకుంటే దూదిలా రాలిపోతుంది, అద్దం పక్కన పెట్టకండి.

సొంత డ్రమ్ము కిట్ చూద్దాం. ఎండిన ఇసుక 10 లీటర్ల బకెట్‌కు సందుల్లో మహా అయితే మూడు, మూడున్నర లీటర్ల చమురు పట్టుకుంటుంది, ఆ బకెట్ బరువేమో 15 కిలోల పైన. పీల్చడానికి కాక, గట్టు కట్టడానికి ఇసుకను మించింది లేదు. మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లుల్లో ఊక కొండల్లా ఉంటుంది, పొడి రోడ్డు మీద చల్లితే బాగా పట్టుకుంటుంది. నీటిలో వేయకండి, మామూలు ఊక నీళ్లు తాగి చమురుతో పాటు మునుగుతుంది, ఆ తర్వాత బయటికి తీయడం ఎవరి తరమూ కాదు. పెట్రోలు తాగిన ఊక, రంపపు పొట్టు గుట్టగా వదిలితే మంటకు మేత. ఇసుక డ్రమ్ము ఒకటి, తెల్ల ప్యాడ్ల కట్ట ఒకటి కలిపి పెట్టుకుంటే ఖర్చు తక్కువ, పని ఎక్కువ.

సబ్బు నీళ్లు, సర్ఫు చల్లి కడిగేయడం మానాలి. రోడ్డు శుభ్రంగా కనపడుతుంది, చమురు మాత్రం చిన్న బిందువులై మోరీలో కలిసిపోయి ఏ ప్యాడ్‌కూ దొరకదు. సముద్రంలో ఈ పాఠం ఎప్పుడో నేర్చుకున్నారు. 1967లో ఇంగ్లండ్ తీరంలో టోరీ కాన్యన్ అనే ట్యాంకర్ ఓడ రాళ్లకెక్కి లక్ష టన్నులకు పైగా ముడి చమురు పోయినప్పుడు టన్నులకొద్దీ డిటర్జెంట్ చల్లారు. చమురు కంటే ఆ మందే తీరంలోని జీవాలను ఎక్కువ చంపింది.

కిట్‌లో ఉండనిది, ఉండాల్సింది, రెండు పీవీసీ పైపు ముక్కలు. ఒక్కోటి ఆరంగుళాల వెడల్పు, రెండు మీటర్ల పొడవు. బోరు సామాను అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది. పారే వాగులో, కాలువలో చమురు కలిసినప్పుడు పూర్తిగా కట్ట వేస్తే నీళ్లు పొంగి కట్ట మీదుగా చమురు పోతుంది. పైపును ఏటవాలుగా పెట్టి మట్టి కట్ట వేయాలి: ఎగువ వైపు నోరు కాలువ అడుగున, దిగువ వైపు నోరు పైకి, మనం నిలపాలనుకున్న నీటి మట్టానికి. నీళ్లు అడుగు నుంచి వెళ్లిపోతాయి, తేలే చమురు కట్ట వెనక నిలుస్తుంది. అక్కడ ప్యాడ్లు వేసి తీయొచ్చు. కాలువ వేగంగా ఉంటే ఇది కుదరదు, అప్పుడు బూమ్ కావాలి, అంటే నీటి మీద తేలుతూ చమురును ఆపే పొడవాటి అడ్డు. బూమ్‌ను ప్రవాహానికి సూటిగా అడ్డం కట్టకండి. నీటి వేగం సెకనుకు 35 సెంటీమీటర్లు దాటితే చమురు బూమ్ కింది నుంచి జారిపోతుంది. ఆకు వేసి చూడండి, 28 సెకన్ల లోపే 10 మీటర్లు పోతే వేగం దాటినట్టే. అప్పుడు బూమ్‌ను ఏటవాలుగా, చమురు ఒక గట్టు వైపు జరిగేలా కట్టి, ఆ గట్టు దగ్గర తీయాలి. సాగర్ కాలువలో పారకం ఉన్నప్పుడు సూటిగా అడ్డం కట్టిన బూమ్ పనికిరాదని ఈ లెక్కే చెబుతుంది.

ఫర్నేస్ ఆయిల్, అంటే ఫ్యాక్టరీ బాయిలర్లలో మండించే చిక్కటి నూనె, మోసే బండ్లకు ఈ కిట్ దాదాపు వృథా. అది చల్లబడితే గట్టిపడుతుంది, ప్యాడ్ పైన పూతలా అంటుకుంటుందే తప్ప లోపలికి ఇంకదు. 2017 జనవరి 28న చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొని చమురు ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు బకెట్లతో, చేతులతో ఎత్తిపోసింది ఇలాంటి జిగట చమురునే. ఆ బండ్లకు పారలు, గీకే పలకలు, డ్రమ్ములు, మందమైన సంచులు కావాలి. జిగట చమురుకు వాడే ప్రత్యేక ప్యాడ్లు, వలలాంటివి, వేరుగా దొరుకుతాయి.

ఇక డబ్బు సంగతి. కారింది నా బండి, బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు సముద్రం దగ్గర జవాబు స్పష్టంగా ఉంది. 1969 నాటి, తర్వాత 1992లో మార్చిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం చమురు పారితే తప్పు ఎవరిదని అడగకుండానే ఓడ యజమాని పరిహారం ఇవ్వాలి. 2,000 టన్నులకు పైగా చమురు సరుకుగా మోసే ఓడకు అందుకు బీమా తప్పనిసరి. యజమాని పరిమితి దాటిన నష్టానికి ఒక నిధి ఉంది. ఏడాదికి లక్షా యాభై వేల టన్నులకు పైగా ముడి చమురు, భారీ ఇంధనం అందుకునే కంపెనీలు దానికి చందా కడతాయి. మన దేశం ఈ రెండింటిలోనూ సభ్యురాలు.

రోడ్డు మీద ఇంత తేటగా లేదు, కానీ అచ్చంగా ఖాళీ కూడా కాదు. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో ప్రమాదకర సరుకు రవాణాకు వరుసగా నిబంధనలున్నాయి. సరుకు పంపేవాడు దాని వివరాలు పూర్తిగా ఇవ్వాలి. రవాణాదారు డ్రైవర్‌కు శిక్షణ ఇవ్వాలి. డ్రైవర్ ఆ వివరాల కాగితం క్యాబిన్‌లో ఉంచుకోవాలి. ప్రమాదం జరిగితే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు, యజమానికి చెప్పాలి. వెనకా పక్కలా ఉండే పలక మీద యూఎన్ నంబరు, అంటే ప్రమాదకర సరుకు ఏదో చెప్పే అంతర్జాతీయ నంబరు, పెట్రోలుకు 1203, డీజిల్‌కు 1202. వచ్చే అగ్నిమాపక బృందం మొదట చదివేది అదే, మట్టి కొట్టుకుపోయి కనపడకపోతే ఎంత కిట్ ఉన్నా లాభం లేదు.

1991 పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం సముద్రం పద్ధతికి చాలా దగ్గర. వాహనంలో రవాణా కూడా అందులో చేరుతుంది. నిర్ణీత పరిమాణం దాటిన ప్రమాదకర సరుకు యజమాని తప్పు రుజువు కాకముందే నష్టపోయినవాళ్లకు ఉపశమనం చెల్లించాలి. బీమా ప్రీమియంతో సమానమైన సొమ్ము పర్యావరణ ఉపశమన నిధికి వెళుతుంది. దరఖాస్తు తీసుకునేది జిల్లా కలెక్టర్, గడువు అయిదేళ్లు. చేను పాడైన రైతులు చాలామంది నేరుగా ట్యాంకర్ ఓనర్‌తో బేరం ఆడి చేతిలో పెట్టింది తీసుకుంటారు, కలెక్టర్ దగ్గరికి వెళ్లే దారి ఉందని తెలియదు. నేల, నీరు పాడైన నష్టానికి జాతీయ హరిత ట్రిబ్యునల్ వేరే దారి, దాని దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. బండి ఓనర్ తన బీమా పాలసీ తెరిచి, మూడో వ్యక్తి ఆస్తి నష్టానికి ఎంత పరిమితి ఉంది, చిందిన చమురు ఎత్తివేసే ఖర్చు అందులో ఉందా లేదా అన్నది కాగితం మీద చూసుకోవాలి. ఏజెంటు నోటిమాట చాలదు.

వాడిన ప్యాడ్లు మామూలు చెత్త కాదు, 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వస్తాయి. ఊరి చెత్త ట్రాక్టర్‌లో వేయడం, గుంటలో కాల్చడం, రెండూ తప్పే. సంచి మూతి గట్టిగా కట్టి, తేదీ రాసి, నీడలో ఉంచి 90 రోజుల్లోగా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న చోటికి పంపాలి. కారిన మట్టి కూడా అంతే. ఎర్ర చెలకలో డీజిల్ గబగబా దిగిపోతుంది. రేగడిలో ఎండాకాలం నెర్రెల గుండా ఇంకా లోతుకు పోతుంది. వాన పడకముందే తవ్వి తీయాలి, లేకపోతే దగ్గర్లోని బోరు వాసన పట్టాకే తెలుస్తుంది. ఫ్లోరైడ్‌తో నీళ్లు ఎలాగూ చెడ్డాయి కదా అనుకునే ఊళ్లు ఇక్కడ తక్కువేం కాదు, డీజిల్ కూడా కలిస్తే ఆ బోరు పశువులకూ పనికిరాదు.

కిట్ ఎక్కడ ఉంచాలన్నది కొనడం కంటే పెద్ద ప్రశ్న. 1989 మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ రాళ్లకెక్కి దాదాపు కోటీ పది లక్షల గ్యాలన్ల ముడి చమురు పారినప్పుడు, అయిదు గంటల్లో చేరాల్సిన సామాను పడవ 12 గంటలు దాటాక గాని రాలేదు. అది మరమ్మతులో ఉంది, సామానంతా దించేసి ఉంది. ఆ ఓడకు ఒకే పొర. ఆ తర్వాత కొత్త ట్యాంకర్ ఓడలకు రెండు పొరలు తప్పనిసరి అయ్యాయి, పెద్ద వాటిలో పొరకూ పొరకూ మధ్య రెండు మీటర్ల ఎడం. మన లారీ ట్యాంకర్లు మామూలుగా ఒక్క రేకుతోనే రోడ్డెక్కుతాయి. బంకులో కిట్ ఆఫీసు గదిలో తాళం లోపల ఉంటే, తాళంచెవి మేనేజర్ జేబులో ఉంటే, అన్‌లోడింగ్ రాత్రి పది గంటలకు జరిగితే, అలాస్కా పడవ కథే మళ్లీ. డెలివరీ పాయింటుకు పది అడుగుల దూరంలో, ఎండా వానా తగలకుండా రేకు కింద ఉండాలి. లారీలో అయితే డ్రైవర్ వైపు తలుపు తెరవగానే చేతికి అందాలి, పక్క సీటు వెనక కాదు. బండి ఆ వైపుకు బోల్తా పడితే పక్క సీటు కిందికి వెళ్తుంది.

చివరికి ఏం కొనాలి? బంకుకు 120 లీటర్ల చక్రాల డబ్బా, 90 సెంటీమీటర్ల మ్యాట్, అదనంగా ఒక ఇసుక డ్రమ్ము. ట్యాంకర్‌కు 50 లీటర్ల సంచి, పైన పుట్టీ రెండు డబ్బాలు, కొయ్య మేకులు, ఇనుప తొట్టి, ఎర్తింగ్ వైరు, పైపు ముక్కలు. మార్కులు వేయమంటే అయిదుకు బంకు డబ్బాకు నాలుగు, క్యాబిన్ సంచికి రెండున్నర, డ్రమ్ముకు మూడు.

అర మార్కు తగ్గించింది మూత లోపల అతికించిన కాగితానికి. ఇంగ్లీషు, హిందీ ఉంటాయి, తెలుగు ఉండదు. రాత్రి రోడ్డు పక్కన టార్చి వెలుతురులో నల్లగొండ డ్రైవర్ చదివేది కాదది. ఈ ఆరు మాటలు పెద్ద అక్షరాల్లో రాయించి అతికించండి: ఇంజన్ ఆపు, బ్యాటరీ తిప్పు. ఎమర్జెన్సీ లీవర్ లాగు. జనాన్ని దూరం పంపు. మోరీ మూయి. రంధ్రం మూయి. 112కు, 101కు ఫోన్ చేసి పలక మీది నంబరు చెప్పు.